లాఠీ ఖర్చు లెక్క ఎవరికి చెప్పాలి? (లెక్క అడుగుదాం – 9)



సబ్‌ప్లాన్ నిధుల మీద పోయిన భాగం రాశాక, యూనివర్సిటీలో పీజీ చేస్తున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, హాస్టళ్ల లెక్క అడిగావు, కార్పొరేషన్ లోన్ల లెక్క అడిగావు. పోలీసోళ్ల లెక్క ఎందుకు అడగవు?" అన్నాడు. "అది వేరే సబ్జెక్టులే తమ్ముడూ" అని తప్పించుకున్నాను. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. సబ్జెక్టు వేరే ఏమీ కాదు. భయం, అంతే. ఎమ్మార్వో ఆఫీసులో గొంతు పెంచి మాట్లాడే మనం స్టేషన్ మెట్లెక్కగానే చెప్పులు ఎక్కడ విడవాలా అని చూస్తాం.

అందుకే ఈ భాగం పోలీసు ఖర్చు మీద. కాల్పులు, కస్టడీ చావులు, కేసుల గురించి మనం చాలా రాశాం. ఆ తుపాకీని, ఆ బండిని, ఆ కెమెరాను ఎవరు కొంటారు, ఎవరి సంతకంతో కొంటారు, వద్దు అనే హక్కు ఎవరికుంది అనేది మనం ఎప్పుడూ అడగలేదు.

ముందు ఒక కాగితాల కట్ట సంగతి చెప్తాను.

కొన్నేళ్ల కిందట మా వైపు ఒక ఊళ్లో, నాకు పెద్దమ్మ వరసయ్యే ఆమెను బోరింగు దగ్గర కులం పేరుతో తిట్టి కొట్టారు. ఫిర్యాదు ఇవ్వడానికి ఆమెతో పాటు నేనూ స్టేషన్‌కు వెళ్లాను. రైటర్ అంతా విని, తాపీగా "ఒక తెల్లకాగితాల కట్ట పట్రండి, స్టేషన్లో అయిపోయినయ్" అన్నాడు. కూలి డబ్బులతో పెద్దమ్మ కట్ట కొనిచ్చింది. తర్వాత విచారణకు డీఎస్పీ ఊరికి రావాలి. బండిలో డీజిల్ లేదన్నారు. అదీ మేమే పోయించాం. ఆ తర్వాత సాక్షులు ముగ్గురు పని మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని మూడుసార్లు డివిజన్ ఆఫీసుకు తిరిగారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలు 1995లో వచ్చాయి. వాటిలో 11వ నిబంధన ప్రకారం బాధితులకూ సాక్షులకూ ప్రయాణ ఖర్చు, రోజు భత్యం ప్రభుత్వమే ఇవ్వాలి. ఆ మాట మాకు ఒక్కరూ చెప్పలేదు. నాకు తెలిసేసరికి కేసే అయిపోయింది.

రైటర్ మీద నాకు పెద్దగా కోపం లేదు. అతనూ మనలాంటి ఇంటి నుంచి వచ్చినోడే కావచ్చు. స్టేషన్ ఖర్చులకు చేతికొచ్చేది ఎంతో, అందులో కాగితాలకు మిగిలేది ఎంతో అతన్నే అడగాలి. నా కోపం వేరే చోట ఉంది. 2022 ఆగస్టు 4న హైదరాబాద్ బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభించారు. సుమారు 600 కోట్లు అయిందని పత్రికలు రాశాయి. అందులో అవినీతి జరిగిందని నేను అనడం లేదు, నా దగ్గర ఆధారం లేదు. నేను అడిగేది చిన్న ప్రశ్న. ఆ అద్దాల మేడ ముఖ్యమా, ప్రతి స్టేషన్‌కూ కాగితం, డీజిల్, సాక్షుల బస్సు చార్జీ ముఖ్యమా అని ఎవరైనా, ఎక్కడైనా, జనం ముందు కూర్చుని చర్చించారా?

మన దగ్గర నడిచే తీరు చూడండి. ఏం కావాలో పోలీసు శాఖే చెబుతుంది. దాని స్పెసిఫికేషన్ శాఖే రాస్తుంది. వచ్చిన సరుకు బాగుందో లేదో శాఖే చూసుకుంటుంది. మంజూరు హోం శాఖ, ఆర్థిక శాఖ ఫైళ్ల మీద వస్తుంది. శాసనసభలో హోం పద్దు వస్తే గంటల్లో అయిపోతుంది, ఒక్కోసారి గిలెటిన్‌లో చర్చే లేకుండా పోతుంది. ఇదంతా అయ్యాక, డబ్బు ఖర్చయ్యాక, కాగ్ వస్తుంది.

కాగ్ అంటే విద్యార్థి మిత్రుల్లో చాలామందికి గ్రూప్స్ పరీక్షలో ఒక బిట్టు. 148వ అధికరణం, అంతటితో సరి. కానీ 1949 మే 30న రాజ్యాంగ సభలో ఆ అధికరణం మీద బాబాసాహెబ్ ఏమన్నారో వెతికి చదవండి. రాజ్యాంగంలో బహుశా అందరికంటే ముఖ్యమైన అధికారి ఇతనే అన్నారు. ఇతని పని న్యాయవ్యవస్థ పని కంటే కూడా ముఖ్యమైనదన్నారు. ఆయన ఊరికే అనలేదు. 1923లో రూపాయి సమస్య మీద, 1925లో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామం మీద పుస్తకాలు రాసిన మనిషి. విగ్రహంలో ఆయన చేతిలోని పుస్తకం రాజ్యాంగమని మనకు తెలుసు. ఆ చెయ్యి అంతకుముందు జమాఖర్చుల పుస్తకాలు తిప్పిన చెయ్యని మరిచిపోయాం.

కాగ్ పోలీసు శాఖలోకి వెళ్తే ఏం కనబడుతుందో కేరళ చూపించింది. 2020 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర అసెంబ్లీ ముందుకొచ్చిన నివేదిక చూడండి. తిరువనంతపురంలోని ప్రత్యేక సాయుధ బెటాలియన్‌లో 25 ఇన్సాస్ రైఫిళ్లు, 12,061 తూటాలు లెక్కకు రాలేదని కాగ్ రాసింది. టీవీ చానెళ్లు ఆ రైఫిళ్లనే పట్టుకున్నాయి. నన్ను ఆపింది ఇంకో పేరా. ఎస్సైలు, ఏఎస్సైల స్థాయి సిబ్బందికి క్వార్టర్స్ కట్టాల్సిన డబ్బులో 2.81 కోట్లు మళ్లించి, పోలీసు బాస్‌కూ అదనపు డీజీపీలకూ విల్లాలు కట్టారని రాసింది. కింద ఉన్నోడి ఇల్లు పైనున్నోడి బంగళా అయింది. ఈ కథ మనకు ఎవరైనా విడమరిచి చెప్పాలా? సబ్‌ప్లాన్ డబ్బుతో మనది కాని రోడ్డు వేసినప్పుడల్లా చూస్తున్నదే కదా.

తర్వాతేమైంది? రైఫిళ్లు పోలేదు, రిజిస్టర్‌లో రాతల తప్పు మాత్రమే అని ప్రభుత్వం చెప్పింది. రైఫిళ్లన్నీ ఉన్నాయని తేల్చింది ఎవరు? క్రైం బ్రాంచి. అంటే పోలీసులే. నిజంగానే ఉండి ఉండవచ్చు. నేను కాదనను. కానీ మన వాడలో చీటీ డబ్బులు లెక్క తేలకపోతే, చీటీ నడిపినోడి బావమరిదిని పిలిచి లెక్క చూడమంటామా?

సరే, కాగ్ వచ్చేది పెళ్లయ్యాక. పెళ్లికి ముందే అడిగేవాళ్లు ఉంటే? అలాంటి ఏర్పాటు ఒకటి స్కాట్లాండ్‌లో ఉంది. 2013 ఏప్రిల్ 1న అక్కడ ఎనిమిది ప్రాంతాల పోలీసు దళాలను కలిపి ఒకటే చేశారు. దాని మీద స్కాటిష్ పోలీస్ అథారిటీ అని ఒక బోర్డును పెట్టారు. అందులో ఉండేది యూనిఫాం లేని మనుషులు. బడ్జెట్ ఆ బోర్డు చేతిలో ఉంటుంది. పెద్ద కాంట్రాక్టులు ఆ బోర్డే ఆమోదించాలి. డబ్బుకు జవాబుదారీ అధికారి కూడా పోలీసు చీఫ్ కాదు, బోర్డు తరఫు చీఫ్ ఎగ్జిక్యూటివ్. నేను మొదటిసారి చదివినప్పుడు ఇదే మనకు కావాల్సింది అని ఎగిరి గంతేశాను.

తర్వాత మిగతాది చదివాను. ఆ విలీనం జరిగిన రెండు నెలలకే, 2013 జూన్‌లో, ఐ6 అనే కంప్యూటర్ వ్యవస్థ కోసం యాక్సెంచర్‌తో పదేళ్ల కాంట్రాక్టు కుదిరింది. సుమారు 4.6 కోట్ల పౌండ్లు. సంతకాలకు ముందు ఏడాదిన్నర చర్చలు జరిగాయి. అయినా సంతకాలైన కొన్ని వారాలకే, అసలు ఏం కట్టిస్తామని ఒప్పుకున్నారో దాని మీదే పోలీసులకూ కంపెనీకీ పేచీ మొదలైంది. 2016 జూలైలో కాంట్రాక్టు రద్దు. కంపెనీ దాదాపు 2.46 కోట్ల పౌండ్లు కట్టి బయటపడింది. డబ్బు వెనక్కొచ్చింది, మూడేళ్లు రాలేదు. ఆడిటర్లు 2017లో ఆ కథంతా విడిగా ఒక నివేదికగా రాశారు. అది వాళ్ల దగ్గర బహిరంగంగా దొరుకుతుంది. మన దగ్గర ఇలా మూలపడ్డ ప్రాజెక్టు మీద అలాంటి పుస్తకం ఒక్కటి ఉంటే నాకు పంపండి, దండం పెడతాను.

అసలు నాకు గుచ్చుకున్నది ఇంకో సంఘటన. ఆ బోర్డులో మోయి అలీ అనే సభ్యురాలు ఉండేవారు. కమిటీ సమావేశాలు ఇకమీద తలుపులు వేసుకుని జరుపుదామని ప్రతిపాదన వచ్చింది. 2016 డిసెంబర్ బహిరంగ సమావేశంలో ఆమె ఒప్పుకోలేదు, అందరి ముందే చెప్పారు. నీ అభ్యంతరం పైకి చెప్పడం తప్పు అన్న ధోరణిలో చైర్మన్ ఆమెకు ఉత్తరం రాశారు. ఆమె రాజీనామా చేశారు. పార్లమెంటు కమిటీలు ఆ చైర్మన్‌ను పిలిపించి నిలదీశాయి. 2017 జూన్‌లో ఆయన కూడా దిగిపోతున్నట్టు ప్రకటించాల్సి వచ్చింది.

ఇది చదువుతుంటే నాకు నా కుర్చీ గుర్తొచ్చింది. ఒక జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీలో నేను కొంతకాలం అనధికార సభ్యుడిని. ఏ జిల్లా అన్నది వదిలేయండి. 17వ నిబంధన ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చోవాలి. నేనున్న కాలంలో కూర్చున్న సార్లు ఒక చేతి వేళ్లు చాలు లెక్కపెట్టడానికి. ఒక సమావేశంలో, సాక్షుల ప్రయాణ భత్యం కింద ఈ ఏడాది ఎంత వచ్చింది, ఎంత ఇచ్చారు, మిగిలింది ఎటుపోయింది అని అడిగాను. పెద్దమ్మ కాగితాల కట్ట నా మనసులో ఉంది. పోలీసు అధికారి కలెక్టర్ వైపు చూశారు. "అది ఫైనాన్షియల్ మ్యాటర్, ఈ కమిటీ పరిధి కాదు" అన్నారు. టీ వచ్చింది. సమోసా కూడా. మినిట్స్ పుస్తకం వచ్చింది, సంతకం పెట్టాను. నా ప్రశ్న అందులో ఉందో లేదో చూసుకోకుండానే పెట్టాను. ఆ స్కాట్లాండ్ ఆడమనిషి కుర్చీ వదులుకుంది, నేను సమోసా తిన్నాను. ఇది ఎక్కడో ఒకచోట రాయాలి కాబట్టి రాస్తున్నాను.

కొందరు మిత్రులు అంటారు: ఇలాంటి కమిటీలన్నీ కంటితుడుపు, రాజ్యం చేతిలో ఆయుధానికి ఆడిట్ చేస్తే అది మెత్తబడుతుందా అని. మెత్తబడదు. స్కాట్లాండ్‌లో బోర్డు ఉండి కూడా కాంట్రాక్టు తగలబడింది కదా. కానీ తేడా ఉంది. అక్కడ తగలబడినట్టు జనానికి తెలిసింది. ఎంత పోయిందో, ఎవరు నోరు మూయించబోయారో తెలిసింది. మన దగ్గర పొగ కూడా బయటికి రాదు.

ఇంకో మాట అంటారు, ఇది పోలీసులు అనేది: భద్రతా రహస్యం. నిఘా పరికరాల సాంకేతిక వివరాలు రహస్యం అంటే వింటాను. కుర్చీలు, జీపులు, డీజిల్, సాక్షి బస్సు టికెట్టు ఏ శత్రుదేశానికి రహస్యం? సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ కొన్ని నిఘా, భద్రతా సంస్థలకు మినహాయింపు ఇస్తుంది. అదే సెక్షన్‌లో అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు లేదని కూడా ఉంది. 4వ సెక్షన్ అయితే బడ్జెట్ వివరాలు అడగకుండానే బయటపెట్టమంటుంది.

2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో రాష్ట్ర భద్రతా కమిషన్ పెట్టమంది. పోలీసుల పనితీరు మదింపు చేసి శాసనసభ ముందు నివేదిక పెట్టాలని అందులో ఉంది. చాలా రాష్ట్రాల్లో అది కాగితం దాటలేదు. దాటినా, కొనుగోళ్లు ఆపే అధికారం దానికి లేదు. నేను కోరేది అక్కడే మొదలవుతుంది. ఆ కమిషన్‌కు పెద్ద కాంట్రాక్టులు ముందే చూసే అధికారం ఉండాలి. నామినేషన్ మీద ఇచ్చే ప్రతి పనికీ కారణం రాసి బయట పెట్టాలి. మన మనుషులు అందులో ఉండాలి. ఉండటంతో సరిపోదు, వాళ్ల అసమ్మతి మినిట్స్‌లో ఎక్కాలి. ఎక్కకపోతే సంతకం పెట్టకూడదు. ఈ చివరిది నాకు నేను చెప్పుకుంటున్నది.

నేను ఆ పాత సమావేశం మినిట్స్ కాపీ కోసం అర్జీ పెట్టాను. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు ఒక పని చేయండి. మీ జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో, 11వ నిబంధన కింద పోయిన ఆర్థిక సంవత్సరంలో ఎంతమంది సాక్షులకు ఎంత ఇచ్చారో పది రూపాయల ఆర్టీఐ వేసి అడగండి. జవాబు వచ్చినా, రాకపోయినా నాకు చెప్పండి. పదో భాగం వాటితోనే రాస్తాను.