మిషను దవాఖానది, పెయ్యి ఏజెన్సీదా?

ఒక పిల్ల తాను కడుపుతో ఉన్న సంగతి అయిదు నెలలు దాచింది. పెండ్లయిన పిల్లనే. అత్తగారింట్ల, తల్లిగారింట్ల అందరికీ తెలుసు. దాచింది తాను పనిచేసే దవాఖానల. ఆమె పని ఎక్స్‌రేలు తీసుడు. ఆ గది తలుపు మీద "గర్భిణీ స్త్రీలు ముందుగా తెలియజేయవలెను" అని బోర్డు ఉంటది. వచ్చిన ప్రతి ఆడమనిషిని "కడుపుతో ఉన్నవా అక్కా?" అని అడగడం ఆమె డ్యూటీ. ఆమెను అడిగిన మనిషి లేడు. తానే చెప్పుకుందామంటే, తనకంటే ముందు అదే గదిల పనిచేసిన ఇంకొకామె చెప్పుకున్నది. రేపటి సంది రావద్దన్నరు. మరుసటి నెల హాజరు పట్టీల ఆమె పేరే లేదు.

ఈ పిల్ల మా దగ్గర చదువుకున్నది. సిద్దిపేట పక్క పల్లె, మాదిగవాడ. తండ్రి చెప్పులు కుట్టిండు, డప్పు కొట్టిండు, చాతనైనన్ని రోజులు హమాలీ చేసిండు. ఇంటర్ బైపీసీ పాసైనంక ఎంబీబీఎస్ సీటు రాలేదని ఏడుస్తుంటే, "డాక్టరు కాకపోతే ఏమాయె బిడ్డా, దవాఖాన నౌకరే కద, నీడపట్టున ఉంటవు" అని రెండేండ్ల ఇమేజింగ్ డిప్లొమాలో చేర్పించింది మేమే. కనుక ఇది రాయడంలో మా తప్పు ఒప్పుకోవడం కూడా ఉన్నది. ఆ దవాఖాన పేరు, ఊరి పేరు రాయం. రాస్తే పోయేది ఆమె నౌకరి, వాళ్ళ కుర్చీలు కావు.

ముందుగాల ఒక మాట. ఎక్స్‌రే అంటే జనాన్ని భయపెట్టడానికి మేము రాస్తలేము. మన వాడల్ల టీబీ ఉన్నది. బండ కొట్టేటోళ్ళ ఊపిరితిత్తులల్ల రాతి దుమ్ము ఉన్నది. ఎక్స్‌రే లేకుంటే మొదలు చచ్చేది మనమే. ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటే పెయ్యికి తగిలే కిరణం 0.1 మిల్లీసీవర్టు లోపలనే. భూమి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 దాకా ఎట్లాగూ తగులుతనే ఉంటది. మిషను బంద్ చేసినంక గదిల కిరణాలు మిగలవు, గోడలకు అంటుకోవు. డాక్టరు అవసరమని రాసిన ఎక్స్‌రే తీయించుకోవలసిందే.

మా లొల్లి వేరు. రోగి ఒకసారి వచ్చి పోతడు. తీసే మనిషి పొద్దుందాక ఆ గదిలోనే ఉంటది. గోడ సరిగ ఉండి, సీసం అద్దం వెనుక నిలబడి తీస్తే ఆమెకు తగిలేది కూడా కొంచెమే. మరి ముసలవ్వ నిలబడలేకపోతే? పసిపిల్ల మెసిలితే? రూలు ప్రకారం వెంట వచ్చినోళ్ళకు సీసం కోటు తొడిగి వాళ్ళతో పట్టించాలె. వెంట వచ్చినోడు మందుల చిట్టీ పట్టుకొని బయట ఉరుకుతుంటడు. ఇంక పట్టుకునేది ఆమెనే. సీసం కోటు ఉన్నదా అంటే ఉన్నది. ఒక్కటే ఉన్నది, మడతపెట్టి మడతపెట్టి నడిమిట్ల పలిగింది.

అందుకే బ్యాడ్జి అనేది ఒకటి పెట్టిన్రు. రొమ్ము మీద తగిలించుకునే చిన్న డబ్బీ. లోపల మూడు బిళ్ళలుంటయి. మూడు నెలలు పెట్టుకుంటే ఎంత కిరణం తగిలిందో అవి పట్టి ఉంచుకుంటయి. ల్యాబుకు పంపితే లెక్క చెప్తరు. 1983లో ఏర్పడ్డ అణుశక్తి నియంత్రణ మండలి దీనికి హద్దులు గీసింది. పనిచేసేటోళ్ళకు అయిదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటొద్దు. కడుపుతో ఉన్నానని చెప్పినంక లోపల ఉన్న బిడ్డకు 1 దాటొద్దు. 18 ఏండ్లు నిండని పిల్లలను ఈ పనికి పెట్టనే పెట్టొద్దు. 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాల ప్రకారం ప్రతి మనిషికీ ఈ లెక్క రాసి పెట్టాలె. అన్నీ కాగితం మీద మంచిగనే ఉన్నయి.

ఆ గదిల పనిచేసేది నలుగురు. బ్యాడ్జీలు రెండు. ఆ రెండూ పర్మినెంటు ఉద్యోగుల పేరు మీద. వాళ్ళిద్దర్ల ఒకాయన ఆఫీసుల కూసుంటడు, ఆయన బ్యాడ్జి టేబుల్ సొరుగుల ఉంటది. మూడు నెలలకోసారి లెక్క వస్తది: సున్న. దవాఖాన ఫైలు చూస్తే అంతా సవ్యమే. కిరణం తగిలేది ఒకరికి, కొలిచేది సొరుగును!

ఇది మనకు కొత్త విద్యనా? మన తాతలు దొరల గడీలల్ల చేసిన వెట్టి ఏ పట్వారీ బుక్కుల ఎక్కింది? రాయని చాకిరి చేయనట్టే అయింది. ఇప్పుడు కొలవని కిరణం తగలనట్టే అయితది. పదేండ్ల తర్వాత ఆమెకు రోగమొస్తే "నీకు కిరణం తగిలిందనడానికి రుజువేది?" అని అడుగుతరు. రుజువు పుట్టకుండ చేసింది వాళ్ళే.

ఎక్స్‌రే చరిత్ర అంతా ఇట్లనే ఉన్నది. 1895 నవంబరు 8న జర్మనీలో రోంట్‌జెన్ ఈ కిరణాన్ని కనిపెట్టిండు. 1901లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, రావలసిందే. అమెరికాలో ఎడిసన్ అదే కిరణం మీద ప్రయోగాలు మొదలుపెట్టిండు. ఆయన దగ్గర క్లారెన్స్ డాలీ అనే గాజు ఊదే పనివాడు ఉండె. గొట్టం పని చేస్తుందా లేదా అని తన చేతినే అడ్డం పెట్టి చూసేది. చేతులు పుండ్లయినయి, కోసేసిన్రు, 1904లో చనిపోయిండు. ఎడిసన్ పేరు మన మూడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. డాలీ పేరు మేము ఏ పాఠంలోనూ చెప్పలేదు. 1936లో హాంబర్గ్‌లో ఒక దవాఖాన ఆవరణలో ఈ కిరణాల పనిలో చనిపోయినవారికి స్మారక శిల పెట్టిన్రు. మొదట చెక్కిన పేర్లే 169. అందుల డాక్టర్లున్నరు, పనివాళ్ళున్నరు.

అంత దూరం ఎందుకు, 2010లో ఢిల్లీ మాయాపురిలో ఏమైంది? ఢిల్లీ యూనివర్సిటీ వాడక మూలకు పడేసిన కోబాల్టు యంత్రాన్ని తుక్కు కింద వేలం వేసింది. (కోబాల్టు ఎక్స్‌రే మిషను లాంటిది కాదు, దానికి బంద్ చేసే బటన్ ఉండదు.) అది ఏందో చెప్పకుండ అమ్మినోళ్ళు ప్రొఫెసర్లు. విప్పి చచ్చిపోయింది తుక్కు దుకాణం పనివాడు. చదువున్నోడి నిర్లక్ష్యం చదువు లేనోడి పెయ్యి మీద తేలింది.

దవాఖానలో కులం లేదని మన మేధావులు చెప్తుంటరు. ఒక్కరోజు పోయి కూసొని చూడుండ్రి. ఊడ్చేది ఎవరు, నెత్తురు బట్టలు మోసేది ఎవరు, తుంటి విరిగిన మనిషిని బల్ల మీద పొర్లించేది ఎవరు, ఏసీ గదిలో బొమ్మ చూసి రిపోర్టు మీద సంతకం పెట్టేది ఎవరు? పెయ్యికి ఎంత దగ్గర ఉంటే అంత తక్కువ జీతం, ఎంత దూరం ఉంటే అంత ఎక్కువ గౌరవం. ఎక్స్‌రే తీసేటోళ్ళను "బటన్ నొక్కెటోళ్ళు" అంటరు. ఏ పెయ్యికి ఎంత కేవీ పెట్టాలె, ఎంత ఎంఏఎస్ పెట్టాలె, ఏ కోణంల పెడితే ఆ పగులు కనబడతది, ఇవన్నీ తెలిస్తేనే బటన్. లెక్క తప్పితే బొమ్మ రాదు, రోగికి రెండోసారి కిరణం కొట్టాలె. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం వీళ్ళను వృత్తి నిపుణులని రాసింది. ఏజెన్సీ జీతం చిట్టీ మాత్రం ఇంకా "మ్యాన్‌పవర్" అనే రాస్తున్నది.

ఇంక అసలు సంగతి. పర్మినెంటు పోస్టు పడితే నోటిఫికేషన్ వస్తది, రోస్టర్ ఉంటది, మన పాయింటు మనకు వస్తది. ఏజెన్సీ పోస్టుకు రోస్టర్ ఎక్కడిది? అక్కడ సిఫారసు ఉంటది, ఫోన్ కాల్ ఉంటది. 1994లో దండోరా మోగిన కాన్నుంచి ముప్పై ఏండ్లు వర్గీకరణ కోసం కొట్లాడినం. మాల అన్నలు కొందరు వద్దన్నరు, మాదిగ అన్నలు కావాలన్నరు, ఒకరి మొఖం ఒకరు చూసుకోకుండ అయినం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో చట్టం అమలుకు వచ్చింది. 15 శాతం ఒకటి, తొమ్మిది, అయిదుగా పంచిన్రు. మంచిదే, న్యాయమే. కాని ఏజెన్సీ పోస్టుల మన వాటా సున్న. సున్నను ఒకటి, తొమ్మిది, అయిదుగా పంచితే ఎవరికెంత వస్తది? మనం పంపకం పంచాయితీలో ఉన్నప్పుడు పంచుకునే కుప్పనే కల్లం నుంచి లేపిన్రు. సిద్దిపేట 2016లో జిల్లా అయింది, 2018లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషమే. ఎంబీబీఎస్ సీట్లల్ల మనకెన్ని అని అడిగినం. ఏ జిల్లాలోనైనా ఎక్స్‌రే గదిల, ల్యాబుల ఉన్నోళ్ళల్ల పర్మినెంటు ఎందరు, ఏజెన్సీ ఎందరు అని మన మీటింగులల్ల ఒక్కనాడన్న అడిగినమా?

ఇంకొకటి రాయొద్దని కొందరు మిత్రులన్నరు. రాస్తున్నం. బ్యాడ్జి సొరుగుల పెట్టి ఆఫీసుల కూసున్నాయన మనోడే. రిజర్వేషన్ల పోస్టు సంపాదించినోడే. ఏప్రిల్ 14కు విగ్రహానికి దండేసేటోడే. ఆయన కుర్చీల ఉంటే, ఆయన వాటా కిరణం అదే వాడ నుంచి వచ్చిన పిల్లకు పడుతున్నది.

బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లుకు మద్దతుగా మాట్లాడిండు. బిడ్డను మోసే తల్లికి విశ్రాంతి, జీతం దొరకడం దేశానికే మేలని వాదించిండు. మరుసటి ఏడాది చట్టం అయింది. ఇయ్యాల 26 వారాల జీతపు సెలవు దేశమంతటా చట్టంలో ఉన్నది. అంతకుముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. కడుపుతో ఉన్నదని పని నుంచి తీసేయడం నేరం. దాదాపు నూరేండ్ల కింద ఆయన మాట్లాడిన దాన్ని అయిదు నెలలు చున్నీ కింద దాచుకునే గతి మన పిల్లకు ఎందుకు పట్టింది?

విషయం తెలిసినంక మేము ఆరుగురం పోయినం. పెద్ద సారు కూసోమనలేదు.

"ఆమె మా ఎంప్లాయి కాదండీ. ఏజెన్సీని అడగండి."

ఏజెన్సీ అంటే హైదరాబాదుల ఒక ఫోన్ నంబరు. దానికి చేస్తే "రేడియేషన్ సంగతి మాకేం తెలుసు, మిషన్ హాస్పిటల్ వాళ్ళది" అన్నరు. మళ్ళ లోపలికి పోయినం. మాలో ఒకామె, ఐదో తరగతి దాక చదివిన అంగన్‌వాడి ఆయమ్మ, నిలబడే అడిగింది: "సారూ, మిషను మీది, గది మీది, లైసెన్సు మీ పేరు మీద ఉన్నది. అందుల ఉన్న పెయ్యి ఒక్కటే మీది కాదా?" ఆయన జవాబు చెప్పలేదు, గుమస్తాను పిలిచిండు. ఆమె అడిగిందే చట్టం కూడా. జీతం ఎవరి చెక్కు మీద వచ్చినా, ఆ గదిల నిలబడ్డ మనిషి రక్షణ మిషను నడిపించే దవాఖాన బాధ్యత.

ఊర్లల్ల కార్యకర్తలు చేయవలసింది ఉన్నది. మీ మండలంలో ఎక్స్‌రే, స్కానింగ్ గదుల్లో పనిచేసే మన పిల్లలు ఎవరో తెలుసుకోండి. సర్కారుదైనా సరే, బస్టాండు ఎదురుంగ షట్టర్ల పెట్టిన ప్రైవేటుదైనా సరే. బ్యాడ్జి ఎవరి పేరున ఉన్నది, మూడు నెలల లెక్క చూపిస్తున్నరా, కోటు పలిగిందా అని అడగండి. సర్కారు దవాఖాన అయితే సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు వేయండి: లైసెన్సు ఏ తేదీది? గదిల పనిచేసేటోళ్ళు ఎందరు? బ్యాడ్జీలు ఎన్ని? దరఖాస్తు ఆ పిల్లల పేరున వేయకండి, సంఘం మనిషి పేరున వేయండి. జవాబు వస్తే మాకు నకలు పంపండి, అచ్చు వేస్తం.

ఆ పిల్లకు ఇప్పుడు ఏడో నెల. రశీదు కౌంటర్ల కూసోబెట్టిన్రు. గదిల ఇంకా రెండు బ్యాడ్జీలే ఉన్నయి, ఆమె జాగల ఇంకొక పిలగాడు వచ్చిండు, వాడూ ఏజెన్సీనే. ఆమెకు రెండు నెలల జీతం రావాలె. ప్రసూతి సెలవు దరఖాస్తు దవాఖానకొకటి, ఏజెన్సీకొకటి స్పీడ్ పోస్టుల పంపినం. రశీదులు రెండూ మా దగ్గర ఉన్నయి.