లోపం టైల్స్‌ది కాదు, పరిచే పనిది



సీమ ఎండకు టైల్స్ నిలవవు, బేతంచెర్ల బండలే మేలని గత సంచికలో పాఠకులొకరు రాశారు. బండలు మేలే, కాదనను. కానీ టైల్స్ లేచిపోవడానికి ఎండ ఒక్కదాన్నే తప్పుపడితే ఒప్పుకోలేను. విట్రిఫైడ్ టైల్ అర శాతానికి మించి నీరు పీల్చదు. అందుకే ఉత్త సిమెంటు పాలతో అది గట్టిగా పట్టదు, టైల్ గమ్ము కావాలి. పైగా అందం కోసం సందు లేకుండా ఆనించి పరుస్తారు. వేడికి సాగినప్పుడు చోటు లేక గుడారంలా పైకి లేస్తాయి.

పరిచే పని ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాను. స్నానాలగదిలో వాలు జాలీ వైపు కాక గడప వైపు వచ్చింది. నీళ్లు నిలిచి పక్కగది గోడ అడుగున పెచ్చులూడుతోంది. నాణెంతో తడితే టైల్ మూలలన్నీ డొల్లగా మోగుతున్నాయి. సిమెంటు మాలును టైల్ నడుమ మాత్రమే ముద్దగా పెట్టి వదిలేశారు. మా అమ్మ అక్కడే జారిపడింది. మేస్త్రీ ఫోనెత్తడం లేదు.

మా మంత్రాలయానికొచ్చి తుంగభద్రలో మునిగి తడికాళ్లతో వచ్చే భక్తుల బస గదుల్లో నున్నటి టైల్స్ వేయడం మరీ అన్యాయం. గరుకువి దొరుకుతాయి కదా!

ఇల్లు కట్టుకునేవాళ్లకు నా మనవి: కూలి పూర్తిగా ఇచ్చేముందు ప్రతి టైల్‌నూ తట్టి చూడండి. ఒక బక్కెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి.

– ఒక పాఠకుడు, మంత్రాలయం