పండుగ ముంగిట్లో.. సరకు సముద్రంలో!

* దిగుమతి వర్తకులకు ఓడ లెక్కే కీలకం
* ఆషాఢంలో తప్పటడుగు వేస్తే దీపావళికి నష్టమే

విజయవాడ: అలంకరణ దీపాలు, గాజు సామగ్రి, ఆటబొమ్మలు, బహుమతి వస్తువులు.. నగరంలోని అంగళ్లలో పండుగ వేళ మెరిసే సరకులో కొంత భాగం సముద్రం దాటి వచ్చినదే. చైనాలోని యివూ వంటి టోకు విపణుల్లో కొన్న సరకు నింగ్‌బో రేవులో ఓడెక్కి విశాఖకో, చెన్నైకో చేరుతుంది. అక్కడి నుంచి లారీల్లో బెజవాడ గోదాములకు వస్తుంది. కొనుగోలు ధరపై రోజుల తరబడి బేరమాడే చిన్న వర్తకులు రవాణా లెక్కను మాత్రం ఏజెంటుకే వదిలేయడం పరిపాటి. నష్టానికి బీజం పడేది అక్కడే.

వెనుక నుంచి లెక్కించాలి
దీపావళి అమ్మకాలకు సరకు నెల రోజుల ముందే గోదాములో ఉండాలి. పట్టణాల్లోని చిల్లర దుకాణాలకు పంపిణీ కావాలంటే ఆ వ్యవధి తప్పదు. కస్టమ్స్ తనిఖీకి, లారీ రవాణాకు ఒక వారం. సింగపూర్, పోర్ట్ క్లాంగ్, కొలంబో వంటి రేవుల్లో ఓడ మారవలసి వస్తే సముద్ర ప్రయాణానికి నాలుగు వారాలు వేసుకోవడం క్షేమం. అక్కడి కర్మాగారం నుంచి ఓడకు చేర్చేందుకు ఒక వారం, తయారీకి అయిదు వారాలు, అనుకోని జాప్యానికి మరో రెండు వారాలు. వెరసి 17 వారాలు. అంటే ఆషాఢం ప్రవేశించే నాటికే ఆర్డరు ఖరారు కావాలి. అక్టోబరు 1 నుంచి చైనాలో జాతీయ దినోత్సవ సెలవులు. ఆ లోపు ఓడెక్కని సరకుపై దీపావళికి ఆశ వదులుకోవలసిందే.

చిక్కు ఏమిటంటే, ఆషాఢం అమ్మకాలు మందగించే మాసం. గల్లాపెట్టె ఖాళీగా ఉన్న సమయంలోనే అడ్వాన్సు చెల్లించాలి. అప్పు తెచ్చి కట్టిన సొమ్ముకు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. పండుగ దాటాక వచ్చిన సరకు మాత్రం మరో ఏడాది గోదాములో మగ్గుతుంది.

కిరాయి పెరిగితే సుంకమూ పెరుగుతుంది
మన దేశంలో దిగుమతి సుంకాన్ని సరకు ధరపైనే కాక ఓడ కిరాయి, బీమా కలిపిన మొత్తంపై లెక్కిస్తారు. ఉదాహరణకు మూల సుంకం 20 శాతం గల వస్తువును తీసుకుందాం. దానిపై పదో వంతు సామాజిక సంక్షేమ సర్‌ఛార్జి కలిపితే 22 శాతం. ఓడ కిరాయి రూ.2 లక్షల నుంచి రూ.6 లక్షలకు పెరిగితే అదనపు భారం రూ.4 లక్షలతో ఆగదు. సుంకం రూపేణా మరో రూ.88 వేలు తోడవుతుంది. దీనిపై ఐజీఎస్టీ కూడా ముందే చెల్లించాలి. అది తర్వాత జమకు వచ్చినా, అప్పటి వరకు పెట్టుబడి ఇరుక్కుపోయినట్లే.

ఇది ఊహ కాదు. కొవిడ్ కాలంలో 2021 సెప్టెంబరు నాటికి ప్రధాన మార్గాల్లో 40 అడుగుల కంటైనరు సగటు కిరాయి 10 వేల డాలర్లు దాటింది. 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో నౌకలపై దాడులు మొదలయ్యాక ఐరోపా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగవలసి వచ్చింది. చైనా-విశాఖ మార్గం అటు పోదు. అయినా ఓడలు, కంటైనర్లు దూరపు దారిలో చిక్కుకుపోగా కొరత అన్ని మార్గాలకూ పాకి, 2024లో కిరాయిలు మళ్లీ ఎగబాకాయి.

రేవులో గడియారం ఆగదు
సాధారణంగా ఓడ చేరే ముందు రోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయాలి. జాప్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు రూ.5 వేలు, ఆపైన రోజుకు రూ.10 వేల వంతున రుసుము నిబంధనల్లో ఉంది. ఉచిత గడువు దాటితే రేవుకు నిల్వ రుసుము, నౌకా సంస్థకు కంటైనరు అద్దె వేర్వేరుగా చెల్లించాలి. ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ ధ్రువీకరణ తప్పనిసరి. విదేశీ కర్మాగారానికి ఆ లైసెన్సు లేకుంటే సరకు రేవు దాటదు. ఈ సంగతి ఆర్డరుకు ముందు తెలుసుకోవాలి గాని, ఓడ వచ్చాక కాదు.

కలిసి తెచ్చుకుంటే మేలు
విక్రేత తానే కిరాయి కడతానంటే చౌక అనిపిస్తుంది. కానీ నౌకా సంస్థ ఎంపిక అతని చేతిలో ఉంటుంది. గమ్యంలో పడే రుసుములు కొనుగోలుదారు నెత్తిన పడతాయి. అందుచేత రెండు విధాలా ధర అడిగి, గోదాము గుమ్మం వరకు అయ్యే మొత్తం వ్యయాన్ని పోల్చి చూడాలి. పూర్తి కంటైనరు నింపలేని వర్తకులు నలుగురు కలిసి నమ్మకమైన ఏజెంటు ద్వారా ఒకే ఓడలో తెప్పించుకుంటే తలసరి భారం తగ్గుతుంది. సరకంతా ఒకే ఓడకు అప్పగించక, పండుగకు తప్పనిసరైన దానిని ముందు విడతలో రప్పించుకోవడం వివేకం.

వ్యక్తిగతంగా ప్రతి వర్తకుడూ ఈ లెక్కలన్నీ నేర్వడం కష్టమే. వర్తక సంఘాలు ఏటా వేసవిలోనే కస్టమ్స్ బ్రోకర్లను పిలిపించి ఒక్కరోజు అవగాహన సదస్సు ఏర్పాటు చేస్తే, దీపావళి నాడు ఎన్నో అంగళ్లలో దీపాలతో పాటు లాభమూ వెలుగుతుంది.