మా డెక్కు, అత్తయ్య అరుగు

"అమ్మాయ్, మీ అరుగు చూస్తుంటే నాకు మా ఊరి చెరువు మెట్లు గుర్తొస్తున్నాయే" అన్నారు మా అత్తయ్య, అద్దాల తలుపుకి ఇవతల కుర్చీ వేసుకుని కూర్చుని.

పొగడ్తేమో అనుకుని మురిసిపోబోయాను. "అదే పాకుడు! ఆ మెట్ల మీద జారినవాళ్లకి లెక్కే లేదు" అని ముగించారు.

ఆవిడ అరుగు అంటున్నది మా డెక్కుని. అమెరికాలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, చూడనివాళ్ల కోసం చెబుతాను. ఇంటి వెనక తలుపు తీయగానే నేలకి నాలుగడుగుల ఎత్తున చెక్క పలకలు పరిచి కట్టిన వేదిక అది. చుట్టూ చెక్క కటకటాలు, పెరట్లోకి దిగడానికి ఐదు మెట్లు. పైన కప్పు ఉండదు. ఎండ, వాన, మంచు అన్నీ దాని నెత్తినే. మేముండేది నార్త్ కరోలినాలో. ఇంటి వెనకంతా పైన్ చెట్లు. మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చాయంటే ఎవరో పసుపు చల్లినట్టు పుప్పొడి రాలుతుంది. దాని మీద నాలుగు వానలు పడితే ఇక చూడాలి. పైగా మా డెక్కు ఉత్తరం వైపు. ఎండ సరిగ్గా తగలదు, తడి ఆరదు, పాకుడు వదలదు.

రెండేళ్ల కిందట అత్తయ్య వచ్చినప్పుడు ఆ మెట్ల దగ్గరే పడ్డారు. పొద్దున్నే పెరట్లో తులసికి నీళ్లు పోద్దామని చెంబు పట్టుకుని దిగబోయారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆస్పత్రి నుంచి వస్తూ కార్లో మా వారు, "చూసుకుని నడవాలి కదమ్మా! చెప్పులేసుకోమని ఎన్నిసార్లు చెప్పాను?" అని విసుక్కున్నారు. నేనూ ఆయన పక్షమే. వెనక సీట్లోంచి ఆవిడ ఏదో అన్నారు. నొప్పి మందు మత్తులో ఏదో అంటున్నారులే అనుకున్నాం.

ఆ తర్వాత ఆవిడ మళ్లీ డెక్కు మీద కాలు పెట్టలేదు. అందులో ఏముంది అనిపించవచ్చు. కానీ ఇక్కడికొచ్చే అమ్మానాన్నలకి ఇంకేముంది చెప్పండి? కారు లేనిదే వీధి చివరికి కూడా వెళ్లలేరు. మేం ఆఫీసుకి, పిల్లలు బడికి పోతే ఇంట్లో టీవీ, తనూ. ఆ డెక్కు మీద కూర్చుంటే కాస్త గాలి, పిట్టలు, కుక్కని తిప్పుతూ చెయ్యూపే పక్కింటి పెద్దాయన. కోనసీమ పల్లెటూళ్లో అరవై ఏళ్లు వీధి అరుగు మీద కూర్చుని కూరగాయలు తరిగిన మనిషికి అది మిగిలిన చివరి అరుగు. అది కాస్తా అద్దం అవతలికి పోయింది.

అలాగని ఆవిడ పడ్డాక మేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. చేశాం. అన్నీ తప్పులే చేశాం.

మొదట మా వారు ప్రెషర్ వాషర్ అద్దెకి తెచ్చారు. నీళ్లు తుపాకీ గుండులా కొడుతుంటే ఆయనకి మహా ఉత్సాహం. చెక్కకి మరీ దగ్గరగా పెట్టి కొట్టేసరికి పాకుడుతో పాటు మెత్తటి చెక్క కూడా లేచిపోయింది. పలకల మీద చారలు, నూగు. ఆ నూగులో తడి ఇంకా బాగా నిలిచి, మూడు నెలలకే పాకుడు మళ్లీ వచ్చింది.

తర్వాత నా వంతు. బట్టలకి వాడే మామూలు క్లోరిన్ బ్లీచ్ బకెట్లో కలిపి చల్లాను. నలుపు పోయింది, నిజమే. కానీ బ్లీచ్ గాఢంగా పడితే చెక్క పీచుని పట్టి ఉంచే పదార్థాన్ని కూడా తినేస్తుందట. పలకలు పాలిపోయాయి. పక్కనున్న మల్లె కుండీ వారం రోజుల్లో ఎండిపోయింది. అంతటితో ఆగానా? మొండి మరకలు మిగిలాయని, ఆ బ్లీచ్ తడి ఆరకముందే దాని మీద వెనిగర్ ఒంపాను. రెండు నిమిషాల్లో ముక్కు మండి, కళ్లు నీళ్లు కారి, దగ్గు ఆగక ఇంట్లోకి పరుగెత్తాను. బ్లీచ్‌లో ఏ యాసిడ్ కలిసినా క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆరుబయట కాబట్టి బతికిపోయాను. అదే తలుపు వేసుకున్న బాత్రూమ్‌లో అయితే ఈ కాలమ్ మీరు చదివేవారు కాదు.

ఈసారి అత్తయ్య వచ్చాక, ఆ చెరువు మెట్ల మాట విన్నాక, పద్ధతిగా చేద్దామని కూర్చున్నాను. నాకు తేలిందేమిటంటే, చెక్కకి కావలసింది క్లోరిన్ బ్లీచ్ కాదు, ఆక్సిజన్ బ్లీచ్. రంగు బట్టల మరకలకి వాడతారే, ఆ తెల్లటి పొడి. దాని అసలు పేరు సోడియం పెర్కార్బొనేట్. వేడి నీళ్లలో వేస్తే చాకలి సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది. సోడా జిడ్డునీ మురికినీ వదిలిస్తుంది, పెరాక్సైడ్ నురుగు కట్టి నాచునీ బూజునీ చంపుతుంది. పనయ్యాక ఆ పెరాక్సైడ్ నీళ్లుగా, ఆక్సిజన్‌గా మారిపోతుంది.

ఇదంతా అత్తయ్యకి వివరంగా చెప్పాను. ఆవిడ విని, "చాకలి సోడా అంటే మన చౌడేగా! మా చిన్నప్పుడు రేవులో చౌడు నీళ్లలో బట్టలు ముంచి ఉబ్బ పెట్టేవారు. దీనికి ఇంత చదవాలా?" అన్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. చౌడులో ఉండేదీ ఆ సోడాయే.

శనివారం మబ్బుగా ఉంది. అలాంటి రోజే మంచిది, ఎండలో అయితే కలిపిన నీళ్లు పని చేసేలోపే ఆరిపోతాయి. ముందు కుర్చీలు, కుండీలు తీసేసి ఊడ్చాం. పలకల మధ్య సందుల్లో ఇరుక్కున్న పైన్ ఆకుల్ని పాత చాకుతో గీకి తీశాం. అసలు తడి దాక్కునేది ఆ చెత్తలోనే. చుట్టూ ఉన్న మొక్కలకి ముందే బాగా నీళ్లు పెట్టాను. మల్లెమొక్క నేర్పిన పాఠం అది.

కొలత ఇదీ. గ్యాలన్ వేడి నీళ్లకి, అంటే దాదాపు నాలుగు లీటర్లకి, ఒక కప్పు పొడి. చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. తడిపిన చెక్క మీద కొంచెం కొంచెం మేర పోసి, పది పదిహేను నిమిషాలు వదిలేయాలి. ఆరుతున్నట్టు కనిపిస్తే ఇంకాస్త పోయాలి. తర్వాత చెక్క నారు వెంట రుద్దాలి, అడ్డంగా కాదు. తీగ బ్రష్ అసలు వద్దు. దాని ముక్కలు చెక్కలో ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి. నేను నైలాన్ బ్రష్ తెచ్చాను. అత్తయ్య మాత్రం తలుపు తీసి, గుమ్మం దాటకుండానే, పాత కొబ్బరిపీచు పట్టా ఒకటి కత్తెరతో ముక్కలు చేసి విసిరారు. "దీంతో రుద్దు, పోకపోతే నన్నడుగు." పోయింది. అన్నీ అయ్యాక గొట్టంతో శుభ్రంగా కడిగాం. కలిపిన నీళ్లు ఏ పూటకాపూటే వాడేయాలి. మిగిలితే సీసాలో పోసి మూత బిగించకండి, లోపల వాయువు పెరిగి సీసా పగులుతుంది.

సోడా తగిలిన చెక్క కాస్త నల్లబడుతుంది. దానికి విరుగుడు పులుపు. నాలుగు పాళ్ల నీళ్లకి ఒక పాలు వెనిగర్ కలిపి చల్లి, కాసేపాగి కడిగితే రంగు తేలుతుంది. "బిందె బూడిదతో తోమి, చివర్న చింతపండు పెట్టినట్టన్నమాట" అన్నారు అత్తయ్య లోపల్నించి. అంతే. అయితే మొదటిది పూర్తిగా కడిగాకే రెండోది. వెనిగర్, వంటసోడా కలిపి పోస్తే బ్రహ్మాండంగా నురుగొస్తుందని కొందరంటారు. వస్తుంది, కానీ అవి రెండూ ఒకదాన్నొకటి చంపుకునే నురుగు అది. మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే.

ఇక మెట్లు. పై నుంచి రెండో మెట్టు రుద్దుతుంటే బ్రష్ కింద చెక్క మెత్తగా తగిలింది. అటుకులు నానినట్టుగా. మా వారు స్క్రూడ్రైవర్ తెచ్చి గుచ్చారు. అంగుళం లోపలికి దిగిపోయింది. పలక చివర మేకు చుట్టూ అంతా కుళ్లిపోయి ఉంది. కాలు పెడితే ఒక పక్కకి ఒరుగుతోంది. ఇన్నాళ్లూ పైన పాకుడు కప్పేసి మాకు కనిపించలేదు.

ఆయన ఆ మెట్టు మీదే చతికిలబడ్డారు. కాసేపాగి, "అమ్మా, నువ్వు జారింది ఇక్కడేనా?" అని అడిగారు.

"జారలేదురా" అన్నారు ఆవిడ. "కాలి కింద మెట్టు ఒరిగింది. ఆ రోజు కార్లోనే చెప్పాను. మీరు వినలేదు."

మా ఇద్దరికీ నోట మాట లేదు. రెండేళ్లు ఆవిడ వయసునన్నాం, చెప్పులనన్నాం, చీర కుచ్చిళ్లనన్నాం. వీడియో కాల్లో ప్రతిసారీ "జాగ్రత్తగా నడువమ్మా" అని బుద్ధులు చెప్పాం. ఆవిడ కూడా తనదే తప్పేమో అనుకోవడం మొదలుపెట్టారని ఆ రాత్రి నాతో అన్నారు. "వయసైపోయిందిలే అనుకున్నానమ్మా. ఊళ్లో కూడా మెట్లు దిగడం మానేశాను" అని.

మా వారు తల దించుకుని "తప్పయిపోయిందమ్మా" అంటే, "సరేలే, ముందు ఆ పలక మార్చు" అన్నారు. అంతకంటే సాగదీయలేదు. మర్నాడే వడ్రంగి వచ్చి రెండు మెట్లు మార్చాడు. ఇంటి గోడకి డెక్కుని పట్టి ఉంచే పలకనీ, దాని బోల్టులనీ కూడా చూసి వెళ్లాడు. రెండు రోజులు ఎండలో బాగా ఆరాక నాలుగు నీటి చుక్కలు వేసి చూశాం. చుక్క ముత్యంలా నిలిస్తే చెక్కకి రక్షణ ఉన్నట్టు, ఇంకిపోతే పైపూత కావాలన్నట్టు. ఇంకిపోయింది. పూత వేశాం.

అందుకే చెబుతున్నాను. కడగడమంటే అందం కోసమే అనుకోకండి. చేత్తో ప్రతి పలకనీ తడిమి చూసుకునే అవకాశం అదొక్కటే. ఎవరైనా పడితే, పడ్డవాళ్లని అనే ముందు వాళ్ల కాలి కింద ఏముందో చూడండి.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకొక్క మాట. మీ డెక్కు 2004కి ముందు కట్టినదైతే ఆ చెక్కకి ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించి ఉండొచ్చు. ఇళ్ల వాడకానికి అలాంటి చెక్క తయారు చేయడం 2003 చివరితో మానేశారు. అలాంటిదాన్ని గరుకు కాగితంతో రుద్దడం, ఘాటైన మందులతో కడగడం సొంతంగా చేయకండి. తెలిసినవాళ్లని అడగండి.

మన ఊళ్లలో డాబాల మీద, దొడ్లో గచ్చు మీద వానాకాలం పాచి పడుతుంది కదా. బ్లీచింగ్ పౌడర్ చల్లితే చల్లండి, కానీ దాని మీద యాసిడ్ మాత్రం పోయకండి. నాకు పట్టిన గతే పడుతుంది. తాండూరు, బేతంచెర్ల బండలు పరిచినచోట వెనిగర్, నిమ్మకాయ, యాసిడ్ ఏదీ వద్దు. అవి సున్నపురాళ్లు, పులుపు తగిలితే నునుపు పోతుంది. సబ్బునీళ్లో, కుంకుడుకాయ రసమో పోసి, కొబ్బరిపీచుతో రుద్ది కడిగితే చాలు.

ఇది రాస్తుంటే అద్దాల తలుపు తీసి ఉంది. అత్తయ్య అవతల కుర్చీలో కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు. మొదటి మూడు రోజులు కటకటం పట్టుకునే నడిచారు. నిన్న చెంబుతో మెట్లు దిగి తులసికి నీళ్లు పోసి వచ్చారు. పక్కింటి పెద్దాయన చెయ్యూపితే తనూ ఊపారు.

సెప్టెంబరులో ఆవిడ తిరుగు ప్రయాణం. ఆకులు రాలడం మొదలవకముందే, అక్టోబరులో డెక్కు మళ్లీ కడగమని ఇప్పుడే చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించారు. కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట: "మెట్లు తొక్కి చూడండి."