ఎదురు నిలుచుట

మన బైబిలులో 'ఎదిరించుట' అనుచోట గ్రీకులో తరచు కనబడు మాట 'ఆంథిస్తేమి': ఎదురుగా నిలుచుట. ఆషాఢ గాలికి ఎదురుగా మంద తోలుకొనిపోవు మన అనంతపురం కాపరికి ఇది వివరించనక్కరలేదు.

అంతియొకయలో యాకోబు మనుష్యులు రాగానే పేతురు అన్యజనుల భోజనపంక్తి విడిచెను. పౌలు ముఖాముఖిగా ఎదిరించెను (గలతీ 2:11). మాట ఇదే. అపవాదిని ఎదిరించుడని అదే పేతురు వ్రాసినదీ ఈ మాటతోనే (1 పేతురు 5:9). తనకు తగిలిన మాటను మరువలేదేమో!

దుష్టుని ఎదిరింపవద్దన్న మత్తయి 5:39లోనూ ఇదే ఉన్నది. అక్కడ దెబ్బ తన చెంపకు. అంతియొకయలో పొరుగువాని విస్తరికి.

నిరుడు ఒక గ్రామములో ప్రేమవిందునాడు, కొత్తగా బాప్తిస్మము పొందిన కుటుంబముల పంక్తి వదలి ఒక పెద్ద దూరముగా కూర్చుండెను. నేను చూచితిని. చూచి, ఆయన విస్తరిలో అన్నము వడ్డించితిని.