నిలువయుండునది, నశింపనిది

ఆంగ్లమున ‘పెరిషబుల్’ అను విశేషణమునకు మూలమైన లాటిన్ క్రియకు నశించుట యని అర్థము. దానికి వ్యతిరేకార్థకములు రెండు: ‘ఇంపెరిషబుల్’, ‘నాన్ పెరిషబుల్’. మొదటిది కీర్తికి, కావ్యమునకు చెల్లును. రెండవది బియ్యమునకు, కందిపప్పునకు. ఈ భేదమును గమనింపక సరకుల పట్టికలో ‘అనశ్వర పదార్థములు’ అని అనువదించుట ఉప్పుమూటకు వేదాంతము అంటగట్టుటయే.

తెలుగున ‘నిలువ’ యను చక్కని మాట యున్నది. రోటిపచ్చడి నాటికి నాడే తినవలసినది. ఆవకాయ నిలువ పచ్చడి. అట్లని అది అమరమని యే గృహిణియు భ్రమపడదు. ఉప్పు, నూనె తగ్గనీయక, తడి తగులనీయక కాపాడిననే యేడాది నిలుచునని యామె యెరుగును. ‘నాన్ పెరిషబుల్’ అనుటకు సరియైన అర్థమును ఇదియే: తగురీతి దాచినచో చాలకాలము చెడనిది.

వరదబాధితులకు ఆహారము పంపుడని కోరు ప్రకటనలో ఈ భేదము పండితచర్చతో పోవునది కాదు. ‘నిలువయుండు సరకులు’ అన్నచో చదువరి అటుకులు, బెల్లము తెచ్చును. ‘అనశ్వరములు’ అన్నచో తెల్లబోవును. అక్షరమనగా నశింపనిది. ఆ గౌరవమును సాహిత్యమునకు విడిచి, కొట్టుగదికి ‘నిలువ’ను ఉంచుట న్యాయము.