మధుమేహం: ఎవరి లక్ష్యం వారిది

ఇద్దరు మధుమేహ వ్యాధిగ్రస్తులు కలుసుకుంటే క్షేమ సమాచారాల తరువాత వచ్చే ప్రశ్న ఒక్కటే: “మీకు షుగరు ఎంత?” ఒకరు 110 అని సంతోషంగా చెబుతారు. మరొకరు 150 అని చిన్నబుచ్చుకుంటారు. ఈ పోలిక సరైనది కాదని నా అభిప్రాయం. రక్తంలోని చక్కెర పరీక్షలో వచ్చే మార్కుల వంటిది కాదు. వయస్సును, శరీర బలాన్ని, వాడే మందులను బట్టి ఎవరి లక్ష్యం వారికి ఉంటుంది.

పెద్దవారిలో అధిక సంఖ్యాకులకు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచించే ప్రమాణాలు ఇవి: పరగడుపున డెసిలీటరు రక్తంలో 80 నుండి 130 మిల్లీగ్రాములు, భోజనం ప్రారంభించిన ఒకటి రెండు గంటలకు 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు. ఈ మూడవ పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపుతుంది. 7 శాతమంటే సగటున సుమారు 154 అన్నమాట. రక్తహీనత ఉన్నవారిలో మాత్రం ఈ ఫలితం తప్పుదారి పట్టించవచ్చు.

పరగడుపు అంకె ఆ ఒక్క ఉదయపు సంగతినే చెబుతుంది. మధ్యాహ్నం అన్నం తిన్న తరువాత చక్కెర ఎంత పెరిగిందో దానిలో కనిపించదు. కనుక ఒకనాటి పరగడుపు పరీక్ష బాగున్నదని మాత్రలు మానివేయడం ప్రమాదకరం.

ఎంత తగ్గితే అంత మేలు కదా అని కొందరు వాదిస్తారు. అమెరికా, కెనడా దేశాలలో జరిగిన ‘అకార్డ్’ అధ్యయనంలో, గుండె జబ్బు గాని, దాని ముప్పు గాని అధికంగా ఉన్న రోగులకు హెచ్‌బీఏ1సీని 6 శాతం కంటే దించడానికి తీవ్రంగా ప్రయత్నించారు. వారిలో మరణాలు పెరగడంతో 2008లో ఆ తీవ్ర చికిత్సను నిలిపివేశారు. అదుపు అనవసరమని దీని అర్థం కాదు. వ్యాధి కొత్తగా బయటపడినవారిలో మంచి అదుపు వలన కంటికి, ఇతర సూక్ష్మ రక్తనాళాలకు కలిగే హాని తగ్గుతుందని 1998లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం నిరూపించింది.

కనుక నలభై ఏళ్ళ ఆరోగ్యవంతునికి గట్టి అదుపు మంచిది. గర్భిణికి నియమం ఇంకా కఠినం. పరగడుపున 95 లోపు ఉండాలి. అనేక వ్యాధులతో బాధపడే వృద్ధునికి హెచ్‌బీఏ1సీ 8 శాతం లోపు ఉంటే సాధారణంగా చాలు.

ఈ వివేచన ఆయుర్వేదానికి కొత్త కాదు. ప్రమేహాలు ఇరవై విధాలని చెప్పిన చరకుడు, స్థూలకాయుడై బలం కలిగిన రోగికి శోధన చికిత్సను, కృశించి బలహీనుడైన రోగికి బృంహణాన్ని, అనగా పోషణను విధించాడు. వ్యాధి ఒక్కటే అయినా రోగిని బట్టి మార్గం మారింది.

మెంతులు, కాకరకాయ మన వంటింటి మిత్రులు. వాటికి నేను వ్యతిరేకిని కాను. కాని మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుతూనే కాకర రసం మొదలుపెట్టి, దానికి తోడు రాత్రి భోజనం మానివేస్తే కొందరిలో చక్కెర 70 కంటే దిగిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, మతి తికమక దాని లక్షణాలు. వెంటనే 3 చెంచాల గ్లూకోజు పొడిని, అది లేకపోతే పంచదారను నీటిలో కలిపి త్రాగించాలి. 15 నిమిషాల తరువాత తిరిగి పరీక్షించి, అప్పటికీ తక్కువగా ఉంటే మరల ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు. తక్షణమే ఆసుపత్రికి తీసుకుపోవాలి. గృహవైద్యం ఏది మొదలుపెట్టినా ముందుగా వైద్యునికి చెప్పాలన్నది ఇందుకే.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈసారి వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు “నా షుగరు ఎంత?” అని మాత్రమే అడిగి రాకండి. “నా వయస్సుకు, నాకున్న ఇతర వ్యాధులకు, నేను వాడే మందులకు తగిన లక్ష్యం ఎంత?” అని అడగండి. ఆ అంకెను ఒక నోటు పుస్తకం మొదటి పుటలో వ్రాసుకోండి. తరువాతి పుటలలో పరగడుపు, భోజనానంతర ఫలితాలను, ఆనాటి ఆహారాన్ని తేదీలతో నమోదు చేయండి. ఇంటిల్లిపాదికీ ఆ పుస్తకం ఎక్కడ ఉన్నదో తెలియాలి.